ఈగను ఏమార్చే ఎడారి పువ్వు

దక్షిణాఫ్రికా వాయవ్య మూలన నమాక్వాలాండ్ అనే అర్ధ ఎడారి ఉంది. ఏడాదిలో చాలా నెలలు అక్కడ రాళ్లూ దుమ్మూ తప్ప పెద్దగా ఏమీ కనపడవు. చలికాలపు వానలు సరిగ్గా పడ్డాయంటే మాత్రం ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో నేలంతా నారింజ, పసుపు, తెలుపు పూలే. చూడాలనుకునేవాళ్లు మబ్బు పట్టని రోజున, అదీ ఎండెక్కాక వెళ్లాలి. వెలుతురు తగ్గితే చాలా పూలు ముడుచుకుపోతాయి.

వాటిలో గోర్టేరియా డిఫ్యూసా అనే నారింజ పువ్వుది చామంతి, బంతి, పొద్దుతిరుగుడుల కుటుంబం. మన పెళ్లిమండపాల్లో కనిపించే జెర్బెరా కూడా ఈ కుటుంబానిదే, దాని పుట్టిల్లూ దక్షిణాఫ్రికాయే.

గోర్టేరియా రేకుల్లో కొన్నింటి మొదట్లో నల్లటి మచ్చ ఉంటుంది. దగ్గరికెళ్లి చూస్తే అది ఉబ్బెత్తుగా, ముదురాకుపచ్చ మెరుపుతో, నడుమ తెల్లటి చుక్కలతో కనిపిస్తుంది. ఈగ వీపు మీద ఎండ తళుక్కుమన్నట్టే! మెగాపాల్పస్ అనే చిన్న నల్ల ఈగల్లో మగది దాన్ని ఆడ ఈగే అనుకుని వాలి, జతకట్టాలని తంటాలు పడుతుంది. ఆ పెనుగులాటలో ఒంటికి పుప్పొడి అంటుకుంటుంది. మరో పువ్వు మీదా అలాగే మోసపోయిందా, పరాగసంపర్కం జరిగిపోయినట్టే. ఈ మాయకు ఆర్కిడ్లు పెట్టింది పేరు. మిగతా మొక్కల్లో ఇది బహు అరుదు.

అన్ని గోర్టేరియాలూ ఇలా ఉండవు. కొన్ని ప్రాంతాల్లో ప్రతి రేకుకూ మచ్చ ఉంటుంది. అక్కడికి ఈగలు మేతకే వస్తాయి.

ఇంతటి నకలు ఎలా తయారైంది? కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం పరిశోధకులు 2023లో చెప్పిన జవాబు నన్ను అబ్బురపరిచింది. మొక్క కొత్త జన్యువులేమీ పుట్టించుకోలేదు. ఇనుమును అటూ ఇటూ చేరవేసే జన్యువులు రేకులో పనిచేసి, ఎర్రటి ఊదా రంగును ఈగ ఒంటి నీలాకుపచ్చగా మార్చాయి. వేళ్లకు నూగు మొలిపించే జన్యువులు మచ్చను ఉబ్బెత్తు చేశాయి. ఇంకో జన్యువుల జట్టు అన్ని రేకులకూ కాకుండా అక్కడొకటి, ఇక్కడొకటిగా మచ్చ పడేలా చూసింది. ఆడ ఈగలు వరసకట్టి కూర్చోవు కదా! ఇదంతా సుమారు 15 నుంచి 20 లక్షల ఏళ్లలోనే జరిగింది. పరిణామం లెక్కలో అది కొద్ది కాలమే.

అయితే మగ ఈగ కూడా ఊరికే ఉండదు. కొన్నిసార్లు దెబ్బతిన్నాక ఆ మచ్చలకు దూరంగా మసలడం నేర్చుకుంటుంది.