మీకు తెలుసా? గౌలిపురలో గది లెక్క

● ఇల్లు లేనివాళ్లంటే ఫుట్‌పాత్ మీద పడుకునేవాళ్లే కాదు. దేశంలోని పట్టణాలకు 1.88 కోట్ల ఇళ్లు తక్కువని 2012లో కేంద్రం నియమించిన నిపుణుల బృందం తేల్చింది. అందులో దాదాపు 80 శాతం ఇరుకు వల్ల వచ్చిన కొరతే. పెళ్లయిన జంటకు విడిగా గది లేకపోతే ఆ కుటుంబాన్నీ ఇల్లు కావలసినవాళ్లలోనే కలిపారు. హైదరాబాద్ పాతబస్తీలోని గౌలిపుర, లాల్‌దర్వాజ గల్లీల్లో కొడుక్కి సంబంధం కుదరగానే డాబా మీద రేకుల గది లేస్తుంది. అది చూసినవాళ్లకు ఈ లెక్క విడమర్చి చెప్పక్కర్లేదు. అదే సమయంలో, 2011 జనగణన ప్రకారం, పట్టణాల్లో 1.1 కోట్ల ఇళ్లకు తాళాలే ఉన్నాయి.

● పేదల ఇళ్ల బాధ్యత సర్కారుదన్న ఆలోచన ఈ ఊరికి పాతదే. 1908 మూసీ వరద తర్వాత, 1912లో నిజాం ప్రభుత్వం సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టింది. మురికివాడలు తీసేసి, తక్కువ అద్దెకు ఇళ్లు కట్టించింది. సర్కారు ఇళ్లకు పేరుపడ్డ వియన్నా నగరం అందుకోసం ప్రత్యేక పన్ను వేసింది 1923లో!

● ఆ బోర్డు వారసత్వంతోనే 1960లో హౌసింగ్ బోర్డు వచ్చింది. కేపీహెచ్‌బీ కాలనీ పేరులో ‘హెచ్‌బీ’ అదే. సింగపూర్ గృహ సంస్థ పుట్టిందీ ఆ ఏడే. అక్కడ నేటికీ పదిమందిలో దాదాపు ఎనిమిది మంది ఆ సంస్థ కట్టిన ఫ్లాట్లలోనే ఉంటున్నారు.

● నగర శివారు కొల్లూరులో ఒక్కచోటే ప్రభుత్వం పేదలకు కట్టించిన 15,660 డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లు ఉన్నాయి. 2023 జూన్‌లో ప్రారంభించారు. ఒక్కోటి 560 చదరపు అడుగులు, లబ్ధిదారుకు పైసా ఖర్చు లేదు. కానీ చార్మినార్‌కు 30 కిలోమీటర్ల పైనే. లాడ్‌బజార్‌లో గాజుల పని చేసుకునే మనిషికి ఆ దూరం రోజూ కూలిలో కోతే. ఇల్లు ఉచితమైనా దారి ఖర్చు ఉచితం కాదు. పని దొరికే చోటికి దగ్గరలో కట్టని ఇంటిని అందుబాటు ఇల్లు అనలేం.

● ఇందిరమ్మ ఇళ్ల పథకం 2024 మార్చిలో మొదలైంది. ఇల్లు కట్టుకోవడానికి సాయం 5 లక్షల రూపాయలు. తొలి విడత సొంత జాగా ఉన్నవాళ్లకే. పాతబస్తీలో అద్దెకున్నవాళ్లకు గజం జాగా ఎక్కడిది?

● గౌలిపుర పక్కనే, శాలిబండ మీదుగా వచ్చే మెట్రో కోసం తీసుకునే ఆస్తులకు గజానికి 81,000 రూపాయలు ఖరారు చేశారు. జాగా ధర పెరిగితే యజమానికి లాభం, కిరాయిదారుకు అద్దె భారం.

ఇళ్ల సర్వేకు ఎవరైనా మీ గడప తొక్కితే, ఇంట్లో ఎందరున్నారో చెప్పి ఊరుకోకండి. ఎన్ని జంటలున్నాయో, గదులెన్నో, కిరాయి ఎంతో కూడా రాయించండి.