పాత ఎకోస్పోర్టు కొనువారికి

వాడిన కారును కొనబోవువారు మొదట అడుగు ప్రశ్న, "ఎన్ని కిలోమీటర్లు తిరిగినది?" అని. రెండవది, "ఎక్కడనైన గుద్దుకొన్నదా?" అని. రెండును అడుగదగినవే. కాని వీనికంటె ముందు అడుగవలసినది మరియొకటి కలదు: ఇంజన్ ఆయిల్ ఎప్పుడెప్పుడు మార్చిరి? ఏ ఆయిల్ పోసిరి? రసీదులున్నవా? ఈ ప్రశ్న ఎందుకంత ముఖ్యమో ఒక్క బండిని ఉదాహరణముగా తీసికొని మనవి చేసెదను.

ఆ బండి ఫోర్డు ఎకోస్పోర్టు. మన దేశమున 2013లో విక్రయమునకు వచ్చినది. చెన్నై చెంత మరైమలై నగర్ కర్మాగారమున తయారైనది. పొడవు 3,999 మిల్లీమీటర్లు. ఆ ఒక్క మిల్లీమీటరు తగ్గుట యాదృచ్ఛికము కాదు. నాలుగు మీటర్లకు మించక, ఇంజను కూడ చిన్నదైన కార్లపై 2006లో ఎక్సైజు సుంకము తగ్గించిరి. నేలకు ఎత్తుగా నిలిచి, చూపునకు పెద్దబండివలె ఉండి, నిడివిలో చిన్నకారైన ఈ తరగతికి కాంపాక్ట్ ఎస్.యు.వి. అని పేరు వచ్చినది. 2021 సెప్టెంబరులో ఫోర్డు సంస్థ మన దేశమున కార్ల తయారీని మానుకొనుచున్నట్లు ప్రకటించినది. విడిభాగములు, సర్వీసు మాత్రము సాగునని చెప్పినది. తయారీ నిలిచిన బండికి బేరమాడుట సులువు. కావున మధ్యతరగతి కుటుంబముల చూపు దానిపై పడుట సహజమే.

ఈ బండ్లలో ఒక లీటరు టర్బో పెట్రోలు ఇంజను గలవి కొన్ని. మూడు సిలిండర్లే అయినను చురుకుగా పరుగెత్తును. దీనిలోని విశేషమేమనగా టైమింగ్ బెల్టు. ఇంజనులో పిస్టన్లు పైకి క్రిందికి కదలుచుండగా, వానికి సరియైన సమయమున వాల్వులు తెరచి మూయవలెను. ఆ రెంటికిని తాళము తప్పకుండ కలిపి త్రిప్పునదే ఈ పండ్ల బెల్టు. అనేక కార్లలో బెల్టు ఇంజను ప్రక్కన పొడిగా తిరుగును. ఈ ఇంజనులో, రాపిడిని, చప్పుడును తగ్గించుటకై, దానిని ఆయిల్‌లో తడియుచు తిరుగునట్లు అమర్చిరి. ఆలోచన మంచిదే. అయితే ఆ బెల్టు రబ్బరునకు సరిపడు ఆయిల్ వేరుగా కలదు; 5డబ్ల్యు-20 అను పలుచని రకమును సంస్థ నిర్ణయించినది. "ఆయిల్ ఏదైన ఆయిలే గదా" అని షెడ్డులో ఉన్నది పోసినను, మార్చవలసిన గడువు దాటించినను, రబ్బరు మెత్తబడి పొట్టు రాలును. ఆ పొట్టు అడుగున సంపులోనికి దిగి, ఆయిల్‌ను పైకి పీల్చు జల్లెడకు అడ్డుపడును. ఆయిల్ అందక ముందుగా దెబ్బతినునది టర్బో, అనంతరము బేరింగులు. డాష్‌బోర్డుపై ఎర్రని ఆయిల్ దీపము వెలిగిన పిదప ఒక్క మైలు నడిపినను అది సాహసమే. చెన్నైనుండి అమెరికాకు పంపిన ఒక లీటరు ఎకోస్పోర్టులను, అదే ఇంజను గల మరియొక కారుతోపాటు, 2023 చివర సంస్థయే మరమ్మతుకు పిలిచినది. ఆయిల్ పంపును త్రిప్పు బెల్టు వ్యవస్థ దెబ్బతిని ఆయిల్ పీడనము పోవచ్చునన్నది కారణము. ఆ బండ్ల సంఖ్య లక్షకు పైమాట.

ఖర్చును గూర్చి ఇచ్చట ఒక మాట. మరమ్మతు ఖర్చు చెడిన వస్తువు ఖరీదును బట్టి కాక, అది ఉన్న చోటును బట్టి పెరుగును. బెల్టు రబ్బరు ముక్కయే. కాని దానిని చేరుటకు ఇంజను ముందు భాగమంతయు విప్పి, ప్రత్యేక పనిముట్లతో తాళము నిలిపి, మరల బిగింపవలెను. క్లచ్చి ప్లేటు మార్చుటకు గేరుబాక్సు దింపవలెను. మెకానిక్కు చీటీలో వస్తువుల ధరకంటె కూలి ఎక్కువైనచో వెంటనే అనుమానింపవలదు. ఏమేమి విప్పవలసివచ్చెనో అడిగి తెలిసికొనుడు.

శీతలీకరణము మాట మరువరాదు. నా మిత్రులొకరు, పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు, కూడబెట్టిన సొమ్ములో కొంత పెట్టి 2014 నాటి ఒక లీటరు బండిని కొనిరి. వారమునకొకమారు కూలంట్ డబ్బాలో మట్టము తగ్గుచుండెడిది. వారు సీసాతో నీరు పోయుచుండిరి. వేసవిలో ఒంగోలునుండి హైదరాబాదు వచ్చుచు, నార్కట్‌పల్లి ఇంకను దూరమున ఉండగానే వేడి ముల్లు పైకెక్కినది. "వచ్చు ఊరిలో చూపింతము" అని సాగిరి. అల్యూమినియము హెడ్డు వంగిపోయినది. పగిలినది ఒక గొట్టము. వేయి రెండువేలతో తీరవలసిన పనికి లక్ష దాటిన పట్టీ చేతికి వచ్చినది. ఆ పట్టీని నాకు చూపునపుడు వారు ఏమియు అనలేదు. మడచి జేబులో పెట్టుకొనిరి.

డీజిలు ఇంజను ఇంతకంటె ఓర్పు గలది. దాని బెల్టు పొడిగనే తిరుగును. గడువునకు మార్చిన చాలును. ఊరిలో చిన్నచిన్న దూరములే తిరుగు బండికి మసి పేరుకొను బెడద ఎక్కువ.

ఆటోమేటిక్ గేర్ల విషయమున సంవత్సరము చూడుడు. 2017కు పూర్వపు లీటరున్నర పెట్రోలు ఆటోమేటిక్కులలో రెండు పొడి క్లచ్చిల గేరుబాక్సు ఉండెడిది. రద్దీలో మెల్లగా కదలునపుడు బండి వణకుట దాని లక్షణము. ఈ జాతి గేరుబాక్సుపైనే అమెరికాలో వేరు ఫోర్డు కార్ల యజమానులు వ్యాజ్యములు నడపిరి. 2017 చివర వచ్చిన మార్పుతో ఇచ్చట టార్కు కన్వర్టరు రకమును పెట్టిరి. పాతదానిని కొనదలచినచో బజారు మధ్య, ఎత్తుపై, నిలిపి నిలిపి నడిపి చూడవలెను. ఖాళీ రోడ్డుపై అది మంచిగనే ఉండును.

మిగిలినవి చిన్నవి. గతుకులలో క్రింద కటకట మనినచో బుష్షులు, లింకు రాడ్లు. వీనికి వేలతో సరి. వెనుక తలుపుపై అదనపు చక్రము మోయు బండ్లలో ఆ బరువునకు కీళ్లు వదులగును. తలుపు సగము తెరచి చేతితో ఎత్తి చూచిన తెలియును. తివాచీ లేపి ఒండ్రు వాసన ఉన్నదేమో చూడుడు. 2015 డిసెంబరులో చెన్నైలోను, 2020 అక్టోబరులో హైదరాబాదులోను, 2024 సెప్టెంబరులో విజయవాడలోను వరదనీట కార్లు మునిగినవి. వాటిలో కొన్ని కడిగి తుడిచి బేరమునకు వచ్చినను ఆశ్చర్యము లేదు.

చూడబోవునప్పుడు తెల్లవారగనే, మీ మెకానిక్కును వెంటబెట్టుకొని పోవుట మేలు. ముందుగా బోనెట్టుపై చేయి వేసి చూడుడు. చల్లని ఇంజను మొదటిమారు అంటుకొనునపుడు చేయు చప్పుడు, సైలెన్సరునుండి వచ్చు పొగ రంగు అమ్మువారు చెప్పనివి చెప్పును. మీరు వచ్చుసరికే ఇంజనును వేడిచేసి ఉంచినచో, మరునాడు వచ్చెదమని చెప్పి తిరిగి రండు.