మేళగాని పేరు

సంక్రాంతికి బొమ్మలకొలువు దీర్చునపుడు మేము పెండ్లిపల్లకికి ముందు సన్నాయి మేళమును నిలుపుదుము. కొండపల్లిలో కాపురముండు వారికి బొమ్మలకు కొదువ యేమి? తెల్లపొణికి కఱ్ఱను చెక్కి, చింతగింజల పిండియు రంపపుపొట్టును కలిపిన మక్కుతో అవయవము లతికి, రంగులు వేసిన బొమ్మలవి. మొన్నటి కొలువులో మా అమ్మాయి, “అమ్మా! పెండ్లికూతురికి పేరు పెట్టితిమి గదా, ఈ సన్నాయి యూదువానికి పేరు లేదా?” యని యడిగినది. మాకు సమాధానము తోచలేదు.

తోచకపోవుటకు కారణము కలదు. మా ఆడుబిడ్డ పెండ్లినాడు తెల్లవారుజామున మొదలిడి మేళమువారు వాయించుచునే యుండిరి. బంధువుల పంక్తులన్నియు లేచిన పిదప, మూడవజాము దాటినంతట, పెరటిలో వారికి విస్తళ్లు వేయించితిమి. అప్పటికి పప్పు అడుగంటినది. వారిలో పెద్దవాడు మాట పలుకక మజ్జిగన్నము తిని లేచిపోయెను. ఆయన పేరు మేమెవ్వరమును అడుగలేదు. ఆ లోపము మాది.

అట్టి మేళమునుండియే వచ్చి సంగీతలోకమున మహోన్నత పీఠ మెక్కిన మహనీయుడు షేక్ చినమౌలానా సాహెబు. ఒంగోలు చెంతనున్న కరవది గ్రామమున 1924వ సంవత్సరము మే 12వ తేదీన ఆయన జన్మించెను. నాదస్వరము వారికి తరతరముల కులవిద్య. తండ్రియొద్ద ఓనమాలు దిద్ది, చిలకలూరిపేటలో షేక్ ఆదం సాహెబుగారి శుశ్రూష చేసెను. అంతటితో తృప్తి నొందక, రాగమును నింపాదిగా పెంచు తంజావూరు బాణీపై మనసుపడి, నాచ్చియార్‌కోయిల్ సోదరులైన రాజం, దురైకణ్ణు గార్లకు శిష్యుడై మరల నేర్చుకొనెను. నేర్చిన విద్య యుండగా మరల శిష్యుడగుట యెంత వినయమో సోదరీమణులు యోచింపుడు.

నాదస్వర మూదుట సులభకార్యము కాదు. చేవగల కఱ్ఱను తొలిచిన ఆ గొట్టమున వ్రేళ్లాడించుటకు ఏడు రంధ్రములే కలవు. దిగువ నున్న తక్కిన రంధ్రములు ధ్వనిని సరిచేయుటకు మాత్రమే. అరస్వరములు, గమకములు అన్నియు పెదవి బిగువుచేతను, ఊపిరి యదుపుచేతను, వ్రేలితో రంధ్రమును సగము మూయుటచేతను రావలసినవే. ప్రక్కన శ్రుతి పట్టు నాతడు బుగ్గలలో గాలి నిలిపి, ముక్కుతో శ్వాస పీల్చుచు నాదము తెగనీయడు. డోలు తాళమును మోయును. ఈ యందఱను ఒక్క త్రాటిపై నడుపుట మేళనాయకుని పని.

పడమటి దేశములందును ఇట్టి గాలివాద్యము లున్నవి. అడాల్ఫ్ సాక్స్ అను నాతడు 1846లో పారిసు నగరమున హక్కుపత్రము పొందిన శాక్సఫోను అమెరికాలో జాజ్ మేళములకు ప్రాణమైనది. మైసూరు రాజాస్థానపు బ్యాండులో దానిని విని మోహించిన కద్రి గోపాలనాథ్‌గారు, మీటలతో నడచు ఆ యిత్తడి వాద్యమున మన గమకములను పలికించి కీర్తి గాంచిరి. ఆయన తండ్రియు నాదస్వర విద్వాంసుడే. పరదేశపు వాద్యమును విని ముక్కున వేలిడుకొను మనము, మన పందిటి వాద్యమును విననే వినము!

చినమౌలానాగారు 1964లో శ్రీరంగము చేరి అచటనే స్థిరపడిరి. మతముచే మహమ్మదీయుడైనను శ్రీరంగనాథునిపై ఆయన భక్తి అనన్యము. 1977లో పద్మశ్రీ బిరుదమును, 1998లో మదరాసు సంగీత విద్వత్సభవారి సంగీత కళానిధి గౌరవమును పొందిరి. మరుసటి సంవత్సరము ఏప్రిలు 13వ తేదీన దివంగతులైరి.

బిరుదముల కంటె మాకు మిన్నగా తోచునది ఆయన గురుత్వము. శ్రీరంగమున శారదా నాదస్వర సంగీతాశ్రమమును నెలకొల్పి శిష్యులకు విద్య గఱపిరి. మనుమలు కాసిం, బాబు గార్లు ఆ బాణీని నిలిపిరి. ఆయన శిష్యులలో షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులు కలరు. భర్తకు సరిజోడుగా కాలీషాబీగారు నాదస్వర మూదుదురు. ఆ దంపతులకు 2020లో పద్మశ్రీ లభించినది. ఆడువారి ఊపిరికి ఆ గొట్టము లొంగదని పలుకువారికి ఇంతకంటె వేఱు సమాధాన మక్కఱలేదు.

నేడు అనేక గృహములందు మేళమునకు మాఱుగా యంత్రములో పాట పెట్టి పెండ్లి కానిచ్చుచున్నారు. ఖర్చు తగ్గును, నిజమే. కాని వినువారు లేనిచో వాయించువాడు తన బిడ్డకు విద్య నేర్పునా? పందిరి పెట్టునది పురుషులైనను, మర్యాద నడుపునది మనమే. కావున మేళమువారికి వియ్యాలవారితోపాటు తొలిపంక్తిలో వడ్డింపుడు. ఒక్క రాగమైనను పూర్తియగువఱకు ముచ్చటలు మాని వినుడు. వారి పేరడుగుడు.

వచ్చు మాఘమాసమున మా చెల్లెలి కుమార్తె వివాహము. శుభలేఖలో పురోహితుని పేరు క్రింద మేళనాయకుని పేరును అచ్చు వేయింపవలెనని మా యింటివారితో మనవి చేసితిమి. “పేరు కనుగొని రమ్ము, వేయింతము” అనిరి. రేపు పోయి అడిగి వత్తుము.