జ్వరము వస్తే తెల్లవారేదాకా ఆగకండి

కరోనా కాలములో వలస కూలీలకోసము వేసిన మొదటి శ్రామిక్ రైలు 2020 మే 1న మా లింగంపల్లి స్టేషనునుండే ఝార్ఖండ్‌లోని హతియాకు బయలుదేరింది. ఆ సంగతి మీరు విని ఉంటారు. అదే స్టేషనులో ఎమ్‌ఎమ్‌టీఎస్ రైళ్ళు నిలిచిపోయి, ఆసుపత్రికి వెళ్ళలేకపోయిన ఒక తల్లి సంగతి ఇది.

శేరిలింగంపల్లి అంటే అద్దాల మేడలు, కంప్యూటరు ఆఫీసులు. ఆ మేడల్లో ఊడ్చేవారు, వంట చేసేవారు మా సంఘములో ఎక్కువ. వారిలో ఒక సహోదరికి రొమ్ము క్యాన్సరు. ఆపరేషను అయ్యాక 21 రోజులకొకసారి రైలులో నాంపల్లి వెళ్ళి, రెడ్‌హిల్స్‌లోని ఎమ్‌.ఎన్‌.జె. ప్రభుత్వ క్యాన్సరు ఆసుపత్రిలో కీమో మందు ఎక్కించుకొనేది. 2020 మార్చి 22న రైళ్ళు ఆగాయి. 25 నుండి దేశమంతా లాక్‌డౌన్. ఆమె ఫోను చేసి, "అయ్యగారూ, ఈ తేదీకి పోవాల్నా, వద్దా?" అని అడిగింది.

"ఇంట్లోనే ఉండమ్మా, బయట గండముంది" అన్నాను.

ఆ మాట చెప్పడానికి నాకేమి అర్హత ఉంది? థియాలజీ డిప్లొమాలో కీమో గురించి నేర్పరు. రెండు తేదీలు పోయాయి. చివరికి ఆమె మరిది ఆటోలో తీసుకొని వెళ్ళాడు. ఆసుపత్రి ఫైలు చూపిస్తే పోలీసులు ఎక్కడా ఆపలేదట. వైద్యానికి వెళ్ళేవారికి మినహాయింపు మొదటినుండీ ఉంది, నేనే తెలుసుకోలేదు. మందు కొందరికి కొన్నాళ్ళు వాయిదా వేయవచ్చు, కొందరికి కూడదు. అది డాక్టరు తేల్చవలసిన సంగతి. ఆమె ఆగి ఉండకూడదని అక్కడ చెప్పారు. ఆమె మాత్రము నన్ను ఒక్క మాట అనలేదు. అదే నాకు ఎక్కువ బాధ.

కీమో ఎక్కించిన తరువాత ఒకటి రెండు వారాలకు రక్తములో తెల్లకణాలు బాగా తగ్గిపోతాయి. రోగాన్ని ఎదిరించేవి అవే. ఆ రోజుల్లో జ్వరము 100.4 డిగ్రీలకు చేరితే, కరోనా అయినా మరొకటైనా, గంటలలోనే ప్రాణముమీదికి రావచ్చు. జూన్‌లో ఒక రాత్రి ఆమె ఒళ్ళు కాలిపోయింది. కరోనా అని పట్టుకొనిపోతారేమోనని భర్త భయపడి, జ్వరము బిళ్ళ వేసి పడుకోబెట్టాడు. బిళ్ళతో వేడి తగ్గుతుందేగాని లోపలి రోగము ఆగదు. పదవ తరగతి చదివే కూతురు థర్మామీటరు చూసి నాకు ఫోను చేసింది. ఈసారి నేను సలహా ఏదీ చెప్పలేదు. రాత్రి ఒంటిగంటకు ఆటో ఎక్కించాము. పరీక్షలో కరోనా లేదు, రక్తములో సూక్ష్మక్రిములు చేరాయి. వారముపాటు సూదిమందులు వేశాక కోలుకుంది.

మన ఊళ్ళలో జబ్బు మనిషిని చూడటానికి పదిమంది వెళ్ళి మంచముమీదనే కూర్చుంటాము. అది ప్రేమే, కానీ అప్పుడు మాన్పించాను. ప్రార్థన ఫోనులో, వేడి అన్నము క్యారియరులో గుమ్మముదాకా. ఒకరెవరో ఆమె కంచము వేరుపెట్టమన్నారట! క్యాన్సరు అంటురోగము కాదు. మాస్కు కట్టుకొన్నది మననుండి ఆమెను కాపాడటానికి.

2021 మార్చి 1న 60 దాటినవారితోపాటు, 45 దాటి క్యాన్సరువంటి జబ్బులున్నవారికి కూడా టీకా మొదలైంది. డాక్టరు చీటీతో వేయించుకొంది. ఏప్రిల్‌లో భర్త వేయించుకొన్నాడు.

జూన్ 23న ఎమ్‌ఎమ్‌టీఎస్ మళ్ళీ కదిలింది. తరువాతి పరీక్షకు వెళ్ళే రోజు ఆమె స్టేషనునుండి ఫోను చేసింది. "పోవాల్నా అని అడగట్లేదు అయ్యగారూ, రైలెక్కిన అని చెప్తున్న" అని నవ్వింది.