లేని పానాను చూపించే గోడ

బళ్లారి జిల్లా సండూరు తాలూకాలోని దోణిమలైలో ఎన్‌ఎండీసీ ఇనుప గని 1977లో మొదలైంది. ఇనుమూ యంత్రాలే బతుకుతెరువైన చోట, ఇంటి పక్క రేకుల షెడ్డులో ఒక బైకు, ఒక నీళ్ల మోటారు, ఎండాకాలం కోసం ఒక కూలరు ఉంటాయి. వాటి వెంటే రింగు పానాలు, ఫిక్స్ పానాలు, కటింగ్ ప్లేయరు, సుత్తి, హ్యాక్సా, ఆకురాయి వచ్చి చేరతాయి. మొదట ఒక డబ్బా సరిపోతుంది. కొన్నేళ్లకు డబ్బా నిండి, రెండో డబ్బా వస్తుంది. అప్పుడే పెగ్‌బోర్డు మాట వినిపిస్తుంది: వరసగా చిల్లులున్న ఒక పలక, ఆ చిల్లుల్లో ఎక్కడంటే అక్కడ తగిలించుకునే కొక్కేలు. కొనేవాళ్లు దుకాణంలో అడిగే మొదటి ప్రశ్న ‘ఎంత బరువు ఆగుతుంది?’ అని. అది అడగాల్సిన ప్రశ్నే కానీ మొదటి ప్రశ్న కాదని నా వాదన. మొదట అడగాల్సింది, ‘ఒక పనిముట్టు తిరిగి రాకపోతే ఈ గోడ నాకు చెబుతుందా?’ అని. ఆ ప్రశ్నకు జవాబు దొరికితే పలక మందం, కొక్కెం రకం, చిల్లు కొలత అన్నీ దాని వెంటే తేలిపోతాయి.

ఇలా అనడానికి ఆధారం మన చూపు పనిచేసే తీరులోనే ఉంది. గజిబిజిగా పడి ఉన్న వస్తువుల్లో ఒకదాన్ని కళ్లు ఎలా వెతుకుతాయన్నదాని మీద ఆన్ ట్రైస్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చేసిన పని ప్రసిద్ధం. గ్యారీ గెలేడ్‌తో కలిసి 1980లో ఆమె ప్రచురించిన పరిశోధన ప్రకారం, వెతికే వస్తువు ఒకే ఒక్క లక్షణంలో, అంటే రంగులోనో వాలులోనో, మిగతావాటికంటే వేరుగా ఉంటే చుట్టూ ఎన్ని ఉన్నా అది ఇట్టే కంటపడుతుంది. రెండు మూడు లక్షణాల కలయికను బట్టి పోల్చుకోవాల్సి వస్తే, చుట్టూ ఉన్నవి పెరిగేకొద్దీ వెతుకులాటా పెరుగుతుంది. డబ్బాలో 12 నంబరు, 13 నంబరు పానాలు రెండూ ఒకే రంగు, ఒకే ఆకారం, కాస్త తేడాగా ఒకే పొడవు. కాబట్టి ఒక్కొక్కటీ తీసి అంకె చూడాల్సిందే. ఇంతవరకూ అందరికీ అనుభవమే. మన విషయానికి ఇంకా దగ్గరైనది జానెట్ సౌథర్‌తో కలిసి ట్రైస్‌మన్ 1985లో ప్రచురించిన మరో పరిశోధన. మామూలు వృత్తాల మధ్య గీత ఉన్న వృత్తాన్ని పట్టుకోవడం తేలిక. గీత ఉన్న వృత్తాల మధ్య గీత లేనిదాన్ని పట్టుకోవడం కష్టం. మన లిపిలోనే చూసుకోవచ్చు. కాగితం నిండా ‘ర’లు రాసి నడుమ ఎక్కడో ఒక ‘ఠ’ పెడితే, ఆ చుక్క తనంతట తానే కనిపిస్తుంది. కాగితం నిండా ‘ఠ’లు రాసి ఒకచోట చుక్క పెట్టడం మరిచిపోతే, ఆ ‘ర’ కోసం వరసలన్నీ చూసుకుంటూ పోవాలి. ఉన్నదాన్ని చూసినంత సులువుగా కన్ను లేనిదాన్ని చూడలేదు. డబ్బాలో ఏమేం ఉన్నాయో ఎలాగోలా తెలుసుకోవచ్చు. ఏది లేదో దానితో పని పడేదాకా తెలియదు.

పెగ్‌బోర్డు అసలు విలువ ఇక్కడే ఉంది. ప్రతి పనిముట్టు వెనకా దాని ఆకారాన్నే రంగుతో గీసిపెడితే, పనిముట్టు తీయగానే ఆ రంగు బయటపడుతుంది. లేకపోవడం కాస్తా ఉన్న గుర్తుగా మారిపోతుంది. ‘ఠ’ల మధ్య ‘ర’ను వెతికే కష్టం ‘ర’ల మధ్య ‘ఠ’ను చూసే సులువుగా మారుతుంది. అమెరికాలో వంటల రచయిత్రి జూలియా చైల్డ్ ఇంట్లో, ఆమె భర్త పాల్ 1961లో వంటింటి గోడకు పెగ్‌బోర్డు బిగించి గిన్నెల ఆకారాలన్నీ గీశాడు. ఆ వంటగదిని ఇప్పుడు వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియంలో చూడవచ్చు. విమానాల మరమ్మతు శాలల్లో ఇదే పద్ధతి ప్రాణాలతో ముడిపడిన నియమం. బోర్డు మీద ఒక్క ఆకారం ఖాళీగా కనిపించినా, ఆ పనిముట్టు దొరికేదాకా విమానాన్ని కదలనివ్వరు. ఇనుప గనులకూ ఈ సంగతి పరాయిది కాదు. ఖనిజాన్ని నలగ్గొట్టే క్రషర్లకూ, మోసే కన్వేయర్ బెల్టులకూ మరిచిపోయిన పానా ఒక శత్రువు: బెల్టును చీల్చగలదు, రాయిని నలిపే దవడల్లో నలగకుండా ఇరుక్కుని యంత్రాన్నే ఆపగలదు. జపాన్ కర్మాగారాల నుంచి వచ్చిన ఫైవ్ ఎస్ పద్ధతిలో రెండో మెట్టు సరిగ్గా ఇదే, దేని చోటు దానికి నిర్ణయించడం. కర్మాగారంలో నడిచే ఈ క్రమశిక్షణను అక్కడ పనిచేసేవాళ్లు ఇంటి షెడ్డుకు తెచ్చుకోకపోవడానికి కారణమేమీ లేదు.

అయితే ఈ గోడ మాట నమ్మాలంటే ఒక షరతు ఉంది. కొక్కెం తన చోటు వదలకూడదు. పానా తీస్తే కొక్కెం కూడా ఊడి చేతిలోకి వస్తే, దాన్ని తిరిగి పెట్టేటప్పుడు పక్క చిల్లులో పెడతాం. నెల తిరిగేసరికి గీసిన ఆకారాలు ఒకచోట, పనిముట్లు ఒకచోట. పెగ్‌బోర్డు విసుగుపుట్టి తీసేసే ఇళ్లలో తప్పు ఎక్కువగా ఇక్కడే జరుగుతుంది. కొక్కెం ఎందుకు ఊడుతుందో దగ్గరగా చూడాలి. మామూలు తీగ కొక్కేనికి వెనక పైభాగంలో వంపు తిరిగిన ఒక కొస ఉంటుంది. కొక్కెం ముందుభాగాన్ని పైకెత్తి ఆ కొసను చిల్లులోకి దూర్చి, ముందుభాగాన్ని కిందికి దించితే కొస పలక వెనక పైకి తిరిగి పట్టుకుంటుంది. ఇప్పుడు పానాను తీసే చెయ్యి ఏం చేస్తుంది? పానాను పైకెత్తుతుంది. పానా కొక్కెం మూతికి ఏమాత్రం తగులుకున్నా మూతి కూడా పైకి లేస్తుంది. దూర్చేటప్పుడు చేసిన కదలికా ఇదే, ఊడేటప్పుడు జరిగే కదలికా ఇదే. బరువు వేలాడుతున్నంతసేపూ గట్టిగా ఉన్న కొక్కెం, బరువు తీసే క్షణంలోనే ఓడిపోతుంది. అందుకే ‘ఇన్ని కిలోలు ఆగుతుంది’ అన్న ముద్రను చూసి కొన్నవాళ్లకు నిరాశ తప్పదు.

బరువు లెక్క కూడా పైకి కనిపించినంత సూటిగా ఉండదు. కిలో బరువున్న సుత్తి పలక నుంచి 10 సెంటీమీటర్ల దూరంలో వేలాడుతుందనుకుందాం. కొక్కేనికి గోడవైపు ఉన్న రెండు ఆనికల మధ్య దూరం 2.5 సెంటీమీటర్లు, అంటే పక్కపక్క చిల్లుల మధ్య ఉండే ఒక అంగుళం. తులామాన సూత్రం ప్రకారం పై చిల్లు దగ్గర కొక్కేన్ని బయటికి లాగే బలం 4 కిలోల బరువుతో సమానం. అదే సుత్తిని పలకకు 5 సెంటీమీటర్ల దగ్గరికి జరిపితే బలం 2 కిలోలకు దిగుతుంది. ఆనికల మధ్య దూరం రెట్టింపైనా అంతే. 24 అంగుళాల పైపు రెంచి నాలుగు కిలోలకు అటూఇటుగా తూగుతుంది. పొడుగు కొక్కేనికి దాన్ని తగిలిస్తే పై చిల్లు మీద పడేది పదహారు కిలోల లాగుడు. పనిముట్టు పట్టేంత పొట్టి కొక్కెం, గోడవైపు పొడుగాటి వీపున్న కొక్కెం తీసుకోవాలన్నది ఈ లెక్క నుంచే వస్తుంది. దుకాణంలో సెట్టుగా అమ్మే పొడుగు కొక్కేలు చూడ్డానికి బాగుంటాయి, పనికి మాత్రం సగం వృథా.

ఇక పలక సంగతి. పెగ్‌బోర్డుకు తొలి ముడిసరుకు హార్డ్‌బోర్డు. 1924లో అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రం లారెల్ ఊళ్లో విలియం మేసన్ కనిపెట్టిన పద్ధతిలో, కలప ముక్కలను ఆవిరితో పీచుగా విడగొట్టి, వేడితో, ఒత్తిడితో పలకగా అచ్చొత్తుతారు. పీచు కాబట్టి తేమను పీలుస్తుంది, ఉబ్బుతుంది. కొక్కేలు తీసి పెడుతూ ఉంటే చిల్లుల అంచులు నలిగి చిల్లు పెద్దదవుతుంది. చిల్లు ఎంత వదులైతే కొక్కెం అంత సులువుగా ఊడుతుంది. అమెరికా కొలతల్లో పలుచని రకం పలక మందం 1/8 అంగుళం, మందపాటి రకం 1/4 అంగుళం. పలుచని పలక కోసం చేసిన సన్నని కొక్కెం మందపాటి పలక చిల్లులో పడుతుంది, కానీ ఊగుతుంది. రేకు బోర్డుల్లో ఐరోపా కర్మాగారాల పద్ధతి ఒకటుంది: 10 మిల్లీమీటర్ల చదరపు చిల్లులు, 38 మిల్లీమీటర్ల ఎడం. చదరపు చిల్లులో కొక్కెం పక్కకు తిరగలేదు. 2018లో హైదరాబాదులో దుకాణం తెరిచిన ఐకియా అమ్మే స్కాడిస్ బోర్డుకు నిలువు గాట్లు ఉంటాయి. దాని కొక్కేలు దానికే. కాబట్టి బోర్డు ఒక చోట, కొక్కేలు మరో చోట కొనకండి. షెడ్డులో పనిముట్ల కోసమైతే పౌడర్ కోటింగ్ వేసిన ఉక్కు రేకు బోర్డు, ఒక్కో కొక్కేనికి రెండు కొసలు చిల్లుల్లో దిగే రకం, నా దృష్టిలో డబ్బుకు తగిన కొనుగోలు. హార్డ్‌బోర్డే కొనాల్సి వస్తే 6 మిల్లీమీటర్లకు తక్కువ మందం వద్దు. గోడకు ముందు కొయ్య రీపర్లు కొట్టి వాటి మీద పలకను బిగించాలి, లేకపోతే కొక్కెం కొస తిరగడానికి వెనక చోటుండదు. ప్రతి కొక్కేన్నీ పక్క చిల్లు గుండా చిన్న కేబుల్ టైతో కట్టేస్తే ఊడే బెడదే ఉండదు.

దీనికి దోణిమలైలో వినవచ్చే గట్టి అభ్యంతరం ఎర్రదుమ్ము. హెమటైట్ ఖనిజం తవ్వే చోట అది ఎక్కడ పడితే అక్కడ చేరుతుంది. మూత ఉన్న డబ్బాను వదిలి పనిముట్లను గోడకు ఆరబెట్టడమేమిటని ఎవరైనా అడుగుతారు. ఇది కొట్టిపారేయదగిన మాట కాదు. హెమటైట్ అప్పటికే ఆక్సైడు కాబట్టి తనంతట తాను ఉక్కును తినదు. కానీ ఏ దుమ్మయినా తేమను లోహం మీద నిలబెడుతుంది. డబ్ల్యూ.హెచ్.జె. వెర్నన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త 1920లలో ఇనుప ముక్కలను పలుచని మస్లిన్ గుడ్డ పంజరంలో వేలాడదీసి చూశాడు. గాలీ తేమా గుడ్డ గుండా ధారాళంగా పోతున్నా, దుమ్ము మాత్రం ఆగిపోవడంతో లోపలి ముక్కలకు తుప్పు బాగా తగ్గింది. బయటి ముక్కలు తుప్పుపట్టాయి. పైగా హెమటైట్ కాఠిన్యం మోస్ కొలమానంలో 5.5 నుంచి 6.5, అంటే కిటికీ అద్దానికి తీసిపోదు. ప్లేయరు కీలులో, స్క్రూ పానా మరలో అది చేరితే ఆకురాయిలా రాస్తుంది. ఇంత ఒప్పుకున్నాక కూడా డబ్బా గెలవదు. పనిముట్టుతోపాటు డబ్బాలోకి దిగిన దుమ్ము అడుగున పేరుకుంటుంది, బయటికి పోదు. నిలువుగా వేలాడేదాని మీద దుమ్ము నిలిచే చోటే తక్కువ, ఉన్నది కంటికి కనిపిస్తుంది, నూనె గుడ్డతో తుడవబుద్ధవుతుంది. వెర్నన్ గుడ్డనే మనమూ వాడుకోవచ్చు: బోర్డు ముందు పలుచని నూలు పరదా. పరదా ఖాళీ ఆకారాలను కూడా మూసేస్తుందంటారా? పని ముగిశాక పరదా దించే ముందు ఒక్క చూపు చాలు, ఏ రంగు బయటపడి ఉందో తెలుస్తుంది. ప్లాస్టిక్ షీటు మాత్రం వద్దు, అది తేమను లోపలే బంధిస్తుంది.

ప్లైవుడ్డు ముక్కకు మేకులు కొట్టుకుంటే పోదా అన్నది రెండో అభ్యంతరం. నిజానికి అది మంచి పద్ధతే. పనిముట్లు మారనివాళ్లకు, గట్టి ప్లైవుడ్డులో దిగిన మేకు పలుచని పెగ్‌బోర్డు కొక్కెం కంటే వెయ్యిరెట్లు నయం, ఎందుకంటే అది ఊడదు. పెగ్‌బోర్డుకున్న ఒకే ఒక్క అదనపు గుణం జరుపుకోగలగడం. కొత్త పనిముట్లు చేరుతూనే ఉంటే తప్ప దానికి డబ్బు పెట్టనక్కర్లేదు. బరువైన పైపు రెంచి, పెద్ద సుత్తి వంటివాటిని ఏ పలకకూ తగిలించకుండా గోడలో ప్లగ్గు దించి స్క్రూ కొక్కేనికి వేలాడదీయడమే క్షేమం, అది కూడా నడుము ఎత్తుకు మించకుండా. ఆకారాలు గీస్తే ఇక జరపలేం కదా అనేవాళ్లకు జవాబు సులువు: మొదటి రెండు నెలలూ పనిముట్టు ఆకారంలో రంగు కాగితం కత్తిరించి అంటించండి. చెయ్యి ఏ చోటికి అలవాటు పడిందో తేలాక పెయింటు వేయండి. పిల్లలున్న ఇంట్లో ఉలులు, రంపాలు పై వరసకు పోవాలి. షెడ్డుకు తలుపు లేకపోతే బోర్డు పెట్టడమే తప్పు, తాళమున్న పెట్టెకు సాటి లేదు.

దుకాణానికి వెళ్లేటప్పుడు ఒక రింగు పానాను జేబులో వేసుకెళ్లండి. ప్రదర్శనకు పెట్టిన బోర్డు మీద కొక్కేనికి దాన్ని తగిలించి, ఒంటి చేత్తో, చూడకుండా, పది సార్లు తీసి పెట్టండి. ఒక్కసారైనా కొక్కెం కదిలితే ఆ బోర్డు కొనవద్దు.