బరువు మోయు రెక్కలు

యుద్ధకథలు చెప్పుకొనువారు శత్రువును గూల్చినవానిని కీర్తింతురు. సేనకు గింజలు చేర్చినవానిని మఱతురు. ఈ మఱపు ఎంత అవివేకమో హోసూరు, కృష్ణగిరి ప్రాంతముల చరిత్రయే చెప్పుచున్నది. 1791 మే నెలలో కారన్‌వాలిస్ శ్రీరంగపట్టణమును సమీపించియు, ఎడ్లు చచ్చి, ధాన్యము చాలక, తన పెద్ద ఫిరంగులను తానే పగులగొట్టించి వెనుదిరిగెను. జూలైలో హోసూరును, రాయకోటను వశపఱచుకొన్న పిమ్మటనే దిగువసీమనుండి అతని సైన్యమునకు ఆహారసామగ్రి వచ్చు కనుమదారి సుగమమయ్యెను.

నాడు ఎడ్లు చేసిన పనిని 1947లో కాశ్మీరమున డకోటా విమానములు చేసినవి. అక్టోబరు 27వ తేదీ ఉదయమున 12వ స్క్వాడ్రను అధిపతియగు వింగ్ కమాండరు భాటియా, సిక్కు రెజిమెంటు మొదటి పటాలపు సైనికులతో శ్రీనగరమున దిగెను. శత్రువు ఆ విమానాశ్రయమునకు చేరియుండునో లేదో తెలియకయే ఆ ప్రయాణము సాగెను. ఒకదాని వెనుక నొకటిగా విమానములు వచ్చి సైనికులను దించుటచేతనే నగరము దక్కినది.

ఆ రంగమున వైమానిక దళమునకు నాయకుడు ఎయిర్ కమొడోరు మెహర్ సింగు. ఇతడు 1915లో జన్మించి, ఇంగ్లండునందలి క్రాన్‌వెల్ కళాశాలలో శిక్షణ పొంది, 1936లో అధికారియై, బర్మా యుద్ధమున 6వ స్క్వాడ్రనును నడపి, 1944లో డి.ఎస్.ఓ. బిరుదు నందుకొనెను. పోరాటవిమానములలో పేరుగాంచిన యీ వీరుడు బరువుల విమానమును నడపుట చిన్నతనమని తలంపలేదు. ముట్టడిలో నున్న పూంఛి పట్టణమున సైనికులును కాందిశీకులును చదును చేసిన నేలపై మొదట దిగినవాడతడే. పిమ్మట ఆ త్రోవనే ఫిరంగులును ధాన్యమును లోనికి వచ్చెను. కాందిశీకులు వెలికి పోయిరి. 1948 మే 24వ తేదీన జనరల్ తిమ్మయ్యను వెంట నిడుకొని, సరియైన పటములు లేని హిమాలయపు త్రోవను దాటి, 10,000 అడుగులకు పైబడిన ఎత్తుననున్న లేహ్‌లో డకోటాను దింపెను. అట్టి ఎత్తులకై ఆ విమానము నిర్మింపబడినది కాదు. తాను పోయి వచ్చిన త్రోవకే తనవారిని పంపుట అతని నాయకత్వపు మర్మము.

ప్రభుత్వము అతనికి మహావీరచక్ర మొసగెను. అయినను అతడు 1948లోనే కొలువు విడిచెను. 1952 మార్చిలో ఢిల్లీ చేరువను విమానము కూలి మరణించెను. ముప్పదియాఱు నిండిన వయస్సున ముగిసిన ఆ జీవితము దేశమునకు తీరని లోటు.

ఇపుడు హోసూరు చెంతనున్న బెళగొండపల్లిలో విమానరంగమున్నది. బెంగుళూరునకు ఉత్తరమున యెలహంకలో వైమానిక దళమువారు రవాణా విమానచోదకులకు శిక్షణ నిచ్చుచున్నారు. కృష్ణగిరి కూడలిలో రేయింబవళ్లు లారీల రాకపోకలను జూచు మన బిడ్డలకు మోతపని విలువ కొత్త కాదు. సాహసమనగా కూల్చుటయే కాదు, ఆపదలో నున్నవానికి అందించుటయు నని వారికి బోధించుట పెద్దల విధి. రవాణా దళముల చరిత్రను మన పాఠశాలలలో చెప్పింపవలెనని మా దృఢాభిప్రాయము.