భూమి బల్లపరుపుగ నున్నదా?

పొలము గట్టున నిలిచి చూచువానికి భూమి బల్లపరుపుగనే కనుపించును. చెరువునీరు సమతలముగ పరచుకొని యుండును. ఆకాశము నలుదిక్కుల వంగి నేలను తాకినట్లుండును. చూచినదానిని చూచినట్లు నమ్మిన పూర్వులను మూఢులనుట న్యాయము కాదు. హిరణ్యాక్షుడు భూమిని చాపవలె చుట్టుకొని పోయెనని మన యవ్వలు చెప్పిన కథయందు గల సాక్ష్యము ఆ కంటిసాక్ష్యమే. చాపను చుట్టవచ్చునుగాని బంతిని చుట్టుట యెట్లు?

ఈ నమ్మకము ఏ యొక్క జాతికిగాని మతమునకుగాని సొత్తు కాదు. క్రీ.పూ. 6వ శతాబ్ద ప్రాంతపు బాబిలోను మట్టిఫలక మొకటి లండనునందలి బ్రిటిషు మ్యూజియమున నున్నది. అందు భూమి గుండ్రని పళ్లెము. దాని చుట్టును చేదునీటి వలయము. ఈజిప్టువారు భూదేవుడు శయనించియుండగా ఆకాశదేవత యాతనిపై వంగి యున్నట్లు చిత్రించిరి. హోమరు నాటి గ్రీకులకును భూమి పళ్లెమే. ఓషెనసు మహానది దానిని చుట్టి ప్రవహించుచుండెను. చీనావారు ఆకాశము గుండ్రము, భూమి చతురస్రము అనిరి. బీజింగు నగరమున స్వర్గమునకు గట్టిన వేదిక గుండ్రముగను, భూమికి గట్టిన వేదిక చతురస్రముగను నేటికిని నిలిచియున్నవి. మన పురాణములు మేరువును నడుమ నుంచి, జంబూద్వీపము మొదలుగా సప్తద్వీపములను, వానిని చుట్టి లవణ, ఇక్షు, సురా, ఘృత, దధి, క్షీర, జలసముద్రములను వర్ణించినవి. జైనులు జంబూద్వీపమును లక్షయోజనముల వ్యాసము గల చక్రమని చెప్పి, దానికి ఇద్దరు సూర్యులను ఇద్దరు చంద్రులను కల్పించిరి. బౌద్ధులకును సుమేరువే లోకమధ్యము. ఇందరికిని సామాన్యమైనది గ్రంథము కాదు, కన్ను.

అయినను కన్ను చెప్పినదానిని బుద్ధి ప్రశ్నింపక మానలేదు. క్రీ.పూ. 4వ శతాబ్దమున అరిస్టాటిలు రెండు సాక్ష్యములను చూపెను. చంద్రగ్రహణమున చంద్రునిపై బడు భూచ్ఛాయ యంచు ఎల్లప్పుడును వంపుగనే యుండును. దక్షిణముగ పయనించినకొలది ఉత్తరపు నక్షత్రములు క్రుంగి, క్రొత్త నక్షత్రములు పైకి వచ్చును. తరువాతి శతాబ్దమున ఎరటోస్థనీసు ఈజిప్టునందలి రెండు పట్టణములలో మధ్యాహ్నపు నీడల భేదమునుబట్టి భూపరిధిని గణించెను. ఆ భేదము వృత్తమున 50వ భాగము. ఊళ్ల నడుమ దూరమును 50చే హెచ్చింపగా భూపరిధి వచ్చెను. ఓడ యెక్కకయే, నీడను కొలిచి, లోకమును కొలిచిన ఘనత ఆతనిది.

మనదేశమున క్రీ.శ. 499 నాటి ఆర్యభటుడు భూమిని కడిమిపూవు వంటి గోళమని చెప్పి, దాని వ్యాసము 1050 యోజనములని గణించెను. 8వ శతాబ్దపు లల్లుడు వేసిన ప్రశ్న మన పల్లెవాసి వేయదగినది: భూమి సమతలమైనచో, ఎంత యెత్తైన తాటిచెట్లైనను దూరమునుండి ఏల కనుపింపవు? 1150లో సిద్ధాంతశిరోమణిని రచించిన భాస్కరాచార్యుడు, మేరువు అడ్డమగుటచే రాత్రి యగుచున్నచో ఆ స్వర్ణపర్వతము మన కేల కనుపింపదని యడిగెను. పెద్ద వృత్తమున స్వల్పభాగము సరళరేఖవలె నుండునుగాన మనకు భూమి చదునుగ దోచుచున్నదని సమాధానము చెప్పెను. పురాణమును పఠించు బ్రాహ్మణుడే పురాణము నిట్లు పరీక్షించినాడు. ఆతని నెవ్వరును వెలివేయలేదు.

మతమే సర్వత్ర సత్యమున కడ్డు నిలిచెననుటయు సరికాదు. 6వ శతాబ్దమున అలెగ్జాండ్రియా వర్తకుడు కాస్మాసు, మలబారు మిరియములను సింహళద్వీపమును గూర్చి వ్రాసినవాడై యుండియు, భూమి పేటికవంటి విశ్వమునకు అడుగుపలక యని వాదించెను. కాని 8వ శతాబ్దపు ఆంగ్ల సన్న్యాసి బీడు భూమిని బంతి యనెను; మధ్యయుగపు క్రైస్తవ విద్యాలయములలో బోధించిన దదియే. కొలంబసు నాటి పండితులు భూమిని బల్లపరుపని నమ్మిరను కథకు 1828లో వాషింగ్టను ఇర్వింగు వ్రాసిన చరిత్రము వ్యాప్తి గలిగించెను. వారి నిజమైన వివాదము భూమి ఎంత పెద్ద దనుటను గూర్చియే. మహమ్మదీయ విద్వాంసుడు అల్ బిరూనీ పంజాబునందలి నందన దుర్గమున కొండపైనుండి దిగంతపు వంపును కొలిచి భూపరిమాణమును గణించెను. మన జ్యోతిషికులొకటియు పురాణము లొకటియు చెప్పుటను ఆతడు 1030 ప్రాంతమున వ్రాసిన తన గ్రంథమున గుర్తించినాడు.

ఆ రెండును మన యింట నేటికిని కలిసి కాపురము చేయుచున్నవి. పురోహితుడు సంకల్పమున మేరువునకు దక్షిణమున నున్నామని చెప్పును. ఆతని చేతి పంచాంగమున గ్రహణకాలము గోళగణితముచే సిద్ధమైనది. బడిపిల్లవాడు చదువు శాస్త్రము పేరే భూగోళము.

ఇక విచిత్రమైన భాగము. ఆధునిక యుగమున ఈ నమ్మకము పునర్జన్మ మెత్తినది అడవులలో గాదు, నౌకాబలముచే ప్రపంచమును చుట్టిన ఇంగ్లండునందే. 1838లో సామ్యుయలు రౌబాథమను నాతడు ఓల్డు బెడ్‌ఫర్డు కాలువ నీటిలో నిలిచి, 6 మైళ్ల దూరమున పోవు పడవ కనుపించుచున్నదిగాన భూమి చదునైనదని చాటెను. నీటిమట్టము దాపున గాలిపొరలలో కాంతి వంగుననుమాట ఆతడు తలపోయలేదు. 1870లో ఆతని శిష్యుడు జాన్ హాంప్డెను, దీనిని కాదని నిరూపించినవారికి 500 పౌనులు పందెమొడ్డెను. ప్రకృతిశాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలెసు అంగీకరించెను. అదే కాలువపై 6 మైళ్ల రెండు కొనలను, నడుమను, నీటికి సమానమైన యెత్తున మూడు గురుతుల నేర్పరచి, ఒక కొననుండి దూరదర్శినితో చూపెను. నడిమి గురుతు తక్కిన వానికంటె పైకి లేచి కనుపించెను. నీరు నడుమ ఉబ్బియున్నది! మధ్యస్థుడు వాలెసే గెలిచెనని తీర్పు చెప్పెను.

ఫలితమేమి? హాంప్డెను తరఫువాడు అదే దృశ్యమును చూచి, భూమి చదునని రుజువైనదనెను. హాంప్డెను ఏండ్లతరబడి వాలెసును దూషించుచు ఉత్తరములు వ్రాసి, కారాగారమునకు పోయియు మానలేదు. పందెములు చట్టసమ్మతములు కావుగాన వాలెసు గెలిచిన ధనమును సయితము కోల్పోయెను. ఋజువు గెలిచినది, మనిషి మారలేదు.

ఇందు గొప్ప పాఠము గలదు. హాంప్డెను నిరక్షరాస్యుడు కాడు. ఆతనికి కొరవడినది విద్య కాదు, విశ్వాసము. తాను వరించిన మతార్థమునకు విరోధముగ చెప్పు పండితుల నందరిని ఆతడు వంచకులని తలచెను. 1914 నుండి అమెరికాయందలి జయాను పట్టణమున మతాచార్యుడు వొలీవా బడులలో బల్లపరుపు భూమిని బోధింపించెను. 1956లో ఇంగ్లండున షెంటను దీనికై యొక సంఘమును స్థాపించెను. 1968లో చంద్రుని చుట్టివచ్చిన మానవులు భూమిని గోళముగ ఛాయాచిత్రము దీసినను, అవి కల్పితములనువారు పోలేదు. 2019లో బ్రెజిలునందు జరిపిన యొక ప్రజాభిప్రాయ సేకరణమున నూటికి 7గురు భూమి బల్లపరుపని చెప్పిరి. వీరందరు చదువురాని వారనుట కుదరదు. అంతర్జాలపు చలనచిత్రములను చూచి, శాస్త్రజ్ఞులును ప్రభుత్వములును ఏకమై తమను మోసగించుచున్నారని నమ్మువారు పెక్కురు.

అట్టివారిని పరిహసించినచో వారి సందేహము గట్టిపడును. మరి మార్గమేమి? 1830 ప్రాంతమున భోపాలు సమీపమున సిహోరునందు ఆంగ్లోద్యోగి విల్కిన్సను, పాశ్చాత్య గ్రంథములను ముందు బెట్టక, భాస్కరుని సిద్ధాంతమునే పండితుల యెదుట నుంచెను. ఆ పండితులలో సుబ్బాజీ బాపుశాస్త్రి సత్యమును గ్రహించి, 1836లో మరాఠీయందు గ్రంథము రచించి తనవారికి బోధించెను. పరాయివాడు చెప్పిన శుష్కవాదముకంటె తనవాడు చూపిన ప్రత్యక్షము బలవత్తరము.

కావున పూర్వులు గోళమును ముందే యెరుగుదురని పురాణమునకు లేని యర్థమును గట్టుటయు, వారందరు అజ్ఞులని నవ్వుటయు రెండును వలదు. పురాణమును పురాణముగ నుంచి, ప్రశ్నించిన లల్లభాస్కరుల మార్గమున నడచుటయే వారికి మనము చేయు గౌరవము. రాబోవు చంద్రగ్రహణమునాడు పట్టు విడుపు స్నానములు చేయువారు చేయుదురుగాక. నడుమ నొకసారి పిల్లవానిని వాకిటికి గొనిపోయి, చంద్రునిపై ప్రాకు నీడ యంచును చూపుడు. అది మన భూమి నీడ యని చెప్పుడు. అది వంపుగ నున్నదో, తిన్నగ నున్నదో వానినే చెప్పనిండు.